బిడ్డను తీసేసిన ‘అన్నా కరేనినా’

1935లో నటి గ్రెటా గార్బోతో హాలీవుడ్ కంపెనీ ఎంజీఎం తీసిన ‘అన్నా కరేనినా’లో అన్నాకు, ఆమె ప్రియుడు వ్రాన్‌స్కీకి బిడ్డ పుట్టదు. టాల్‌స్టాయ్ నవలలో ఆడపిల్ల పుడుతుంది, తల్లి పేరే పెడతారు. 1934 మధ్య నుంచి హాలీవుడ్‌లో సెన్సార్‌లా పనిచేసిన జోసెఫ్ బ్రీన్ ఆఫీసు స్క్రిప్టులను ముందే చదివి కత్తెర వేసేది. పరాయివాడితో సంబంధం తెరమీద ఆకర్షణీయంగా కనిపించకూడదు. పెళ్లి బయట పుట్టిన బిడ్డయితే అసలే వద్దంది. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ఆ పాపను వదులుకున్నాడు.

ఉయ్యాల్లో పాపే కదా, పోతే పోయింది అనుకుంటాం. నవల నాలుగో భాగం తిరగేస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. పురిటి జ్వరంతో అన్నా చావు అంచుకు వెళ్తుంది. ఆ మంచం పక్కన భర్త కరేనిన్ ఏడుస్తాడు, భార్యను మన్నిస్తాడు. తనది కాని పసిగుడ్డు ఆకలికి ఏడుస్తుంటే ఆరా తీస్తాడు. అతని ముందు చిన్నబోయిన వ్రాన్‌స్కీ ఇంటికెళ్లి తుపాకీతో కాల్చుకుంటాడు, బతుకుతాడు. బిడ్డ లేకపోతే పురుడు లేదు. పురుడు లేకపోతే మన్నింపూ లేదు, ఆ తుపాకీ పేలుడూ లేదు. భర్త పాత్ర వేసిన బాసిల్ రాత్‌బోన్‌కు చివరికి మిగిలింది, మొహం బిగించుకుని పరువు గురించి మాట్లాడే మొగుడి వేషం. బాగానే చేశాడు. కానీ అలాంటి మొగుణ్ని ఏ ఆడదైనా వదిలేస్తుంది, అందులో చిక్కేముంది? నవలలో అన్నా అతన్ని ద్వేషించేది ఆ పెద్దమనసు చూసే.

నవలలో రెండో కథానాయకుడు లెవిన్ సంగతి సరేసరి. నవలలో దాదాపు సగం అతనిది. 95 నిమిషాల సినిమాలో ప్రేయసి కిట్టీ పక్కన కాసేపు కనిపించి వెళ్తాడు.

తప్పంతా సెన్సార్ మీద తోసేయలేం. 1927లో ఇదే కంపెనీ, ఇదే గార్బోతో ‘లవ్’ పేరిట మూకీ తీసి రెండు ముగింపులు పెట్టింది. ఒకదాంట్లో నవలలోలాగే అన్నా రైలు కింద పడుతుంది. ఇంకోదాంట్లో కరేనిన్ పోతాడు, ప్రేమికులు ఒక్కటవుతారు. అమెరికాలో థియేటర్లవాళ్లు ఏది కావాలంటే అది వేసుకోవచ్చు. బ్రీన్ ఇంకా రాకముందే వసూళ్ల లెక్క ఆ పని చేసింది.

అయినా 1935 సినిమాను ఇప్పటికీ చూడాల్సింది ఆఖరి స్టేషన్ సీన్ కోసం. నవలలో అన్నా గూడ్సు బండి కింద పడుతుంది. చేతికున్న ఎర్ర సంచి ఊడిరాక మొదటి పెట్టె దాటిపోతుంది, రెండోదాని కోసం ఆగుతుంది. ఆ ఆగడాన్ని దర్శకుడు క్లారెన్స్ బ్రౌన్, కెమెరామన్ విలియం డేనియల్స్ గార్బో ముఖం మీదికే తెచ్చారు. మాటల్లేవు. దాటిపోయే పెట్టెల వెలుగు ఆమె మీద పడుతుంది, చీకటవుతుంది, మళ్లీ పడుతుంది. రెప్ప మాత్రం వాలదు.