లామాకూ లింఫోమా వస్తుంది

బెజవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "లామా, అల్పాకా, ఒంటె జాతికి క్యాన్సర్ రాదు. వాటి రక్తంలోని నానోబాడీలే కారణం. అమెరికాలో వాటితో క్యాన్సర్ మందు చేశారు. మనకు లామా దొరకదు కాబట్టి 40 రోజులు ఒంటె పాలు తాగండి. లింఫ్ గడ్డలు కరిగిపోతాయి, కీమో అక్కర్లేదు." పంపేవాళ్లంతా మోసగాళ్లేం కాదు, ఇంట్లో రోగి ఉన్నవాళ్లే ఎక్కువ. కాబట్టి వెక్కిరించకుండా ఒక్కో ముక్కా చూద్దాం.

క్యాన్సర్ రాదన్నది పచ్చి అబద్ధం. ఒంటె కుటుంబానికే చెందిన దక్షిణ అమెరికా జంతువులైన లామా, అల్పాకాల్లో లింఫోమా (లింఫ్ గ్రంథుల్లోని తెల్లరక్తకణాలకు వచ్చే క్యాన్సర్) కేసులు పశువైద్య పత్రికల్లో 1990ల నుంచే అచ్చవుతున్నాయి. ఈ జంతువుల్ని మందలుగా పెంచే అమెరికాలోని ఒరెగాన్ లాంటి చోట్ల పశువైద్య కాలేజీలకు అది బాగా తెలిసిన జబ్బు. ముసలివాటికే కాదు, రెండేళ్లు నిండని పిల్లలకూ వస్తుంది. మేత తగ్గుతుంది, బిళ్లలు కడతాయి, ఛాతీలో గడ్డ పెరిగితే ఆయాసం మొదలవుతుంది. దట్టమైన బొచ్చు వల్ల జంతువు చిక్కిపోయిన సంగతి కంటికి ఆనదు. అందుకే మనం గొర్రెకు చూసినట్టే అక్కడి డాక్టర్లూ చివరి పక్కటెముక వెనక నడుం మీద వేళ్లు పెట్టి నొక్కుతారు. వెన్నెముక కొసలు వేళ్లకు గుచ్చుకుంటే కండ పోయినట్టే. బిళ్ల కట్టిందల్లా క్యాన్సర్ కాదు, చీముగడ్డ కూడా కావచ్చు. సూదితో తీసిన కణాల్నో, కోసి తీసిన ముక్కనో మైక్రోస్కోప్ కింద చూస్తేగానీ తేలదు. తేలాక కొద్ది వారాలకే చచ్చిపోయినవి చాలా ఉన్నాయి. (సొరచేపకు క్యాన్సర్ రాదని 1990ల్లో దాని మృదులాస్థి పొడి అమ్ముకున్నారు. సొరచేపలకూ కణితులు వస్తాయి.)

నానోబాడీల మాటలో మాత్రం కొంత నిజముంది, చిక్కంతా అక్కడే. యాంటీబాడీ అంటే ఒంట్లోకి చొరబడినదాన్ని పట్టుకునే ప్రొటీన్. మామూలు యాంటీబాడీలో రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. ఒంటె కుటుంబంలో వాటితోపాటు తేలిక గొలుసు లేని రకం కూడా ఉంటుందని బ్రస్సెల్స్‌లో రేమండ్ హామర్స్ బృందం కనిపెట్టి 1993లో 'నేచర్'లో ప్రకటించింది. ఆ యాంటీబాడీ కొసన ఉండే చిన్న భాగాన్ని ల్యాబులో విడిగా తయారుచేస్తే అది నానోబాడీ. మామూలు యాంటీబాడీ బరువులో పదో వంతు. అది దేన్ని పట్టుకోవాలో ఆ పదార్థాన్ని ముందు జంతువుకు ఎక్కించాలి. తర్వాత దాని తెల్లరక్తకణాల్లోంచి జన్యువు తీసి, బాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెట్టి ఉత్పత్తి చేస్తారు. అంతేగానీ లామా రక్తంలో క్యాన్సర్ మందు సిద్ధంగా తిరుగుతూ ఉండదు.

ఇక అమెరికా మందు. 2018లో యూరప్‌లో, 2019లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి నానోబాడీ మందు కాప్లాసిజుమాబ్. అది రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ఒక అరుదైన జబ్బుకు, క్యాన్సర్‌కు కాదు. 2022లో అనుమతి వచ్చిన కార్విక్టి క్యాన్సర్ చికిత్సే, కానీ మల్టిపుల్ మైలోమా అనే వేరే రక్తక్యాన్సర్‌కు. రోగి సొంత టీ కణాలను (ఒక రకం తెల్లరక్తకణాలు) బయటికి తీసి, ఒంటెజాతి యాంటీబాడీ నుంచి వచ్చిన జన్యుభాగం చేర్చి, తిరిగి ఎక్కిస్తారు. అందులో పాల ప్రసక్తే లేదు. లింఫోమాకు ఏళ్లుగా వాడుతున్న యాంటీబాడీ రిటుక్సిమాబ్. 1997లో వచ్చింది, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007 నుంచి దాని బయోసిమిలర్ (దాదాపు అలాంటిదే అయిన మందు) అమ్ముతోంది. దాని మూలం ఎలుక యాంటీబాడీ. మెసేజ్ లెక్కన ఎలుకకు లింఫోమా రాకూడదు మరి! ల్యాబు ఎలుకల్లో అది మామూలుగా కనిపించే జబ్బు.

పాల సంగతికి ఎక్కువ మాటలక్కర్లేదు. యాంటీబాడీ ప్రొటీనే కాబట్టి పప్పులోని ప్రొటీన్‌లాగే పొట్టలో అరిగిపోతుంది. అల్పాకా పిల్ల కూడా తల్లి జున్నుపాల నుంచి యాంటీబాడీలను పుట్టిన మొదటి రోజే పేగుల ద్వారా రక్తంలోకి తీసుకోగలదు, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. సొంత బిడ్డకే లేని వెసులుబాటు గుంటూరు మనిషికి ఎక్కడిది? పైగా కీమోతో తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు పచ్చిపాలు తాగితే బ్రూసెల్లా లాంటి బాక్టీరియా అంటుకునే ప్రమాదం.

"మా బాబాయికి నిజంగానే తగ్గింది" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. ఫాలిక్యులర్ లింఫోమా అని నెమ్మదిగా సాగే రకం ఒకటుంది. అందులో బిళ్లలు ఏ మందూ లేకుండానే కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరుగుతుంటాయి. టీబీ బిళ్లనో, ఇన్ఫెక్షన్ బిళ్లనో లింఫోమా అని ఇంట్లోనే తేల్చుకున్నవాళ్లూ ఉంటారు. స్టెరాయిడ్ మాత్రలు పడినా లింఫోమా గడ్డ తాత్కాలికంగా అణుగుతుంది, దాంతో బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్షలో) అసలు జబ్బు దొరక్కుండా పోవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగినా మెప్పు మాత్రం ఒంటె పాలకే దక్కుతుంది.

బర్కిట్ లాంటి వేగంగా పెరిగే లింఫోమాకు 40 రోజులు ఆగితే మనిషి దక్కకపోవచ్చు, ఆ గడ్డ రోజుల్లోనే రెట్టింపవుతుంది. హాడ్జ్‌కిన్ లింఫోమా అయితే కీమోతో ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వాసుపత్రి) నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. మెడ మీద బిళ్ల వారాలు గడిచినా తగ్గకపోతే అక్కడికో, మీకు దగ్గర్లోని క్యాన్సర్ డాక్టరు దగ్గరికో వెళ్లి బయాప్సీ అడగండి. ఒంటె పాలు ఇష్టమైతే డాక్టరుకు చెప్పి, కాచుకుని తాగండి. కీమోకు ఇచ్చిన తారీకు మాత్రం మార్చకండి.