చీటీ రాసి ఇంటికి పంపితే అది వైద్యమా?

పక్కింటి పాపను ఇవాళ మధ్యాహ్నం కాకుండానే బడి నుంచి పంపేశారు. డైరీలో ఎర్ర పెన్నుతో ఒకటే ముక్క: "తలలో పేలున్నాయి, పోయాక పంపండి." పిల్ల అందరి ముందూ ఏడ్చుకుంటూ వచ్చింది. దీని పేరు హెల్త్ చెకప్ అట. ఒళ్లు మండిపోతోంది!

120 ఏళ్ల కిందట న్యూయార్క్‌లో జరిగిన అన్యాయం ఇదే. 1897 నుంచి డాక్టర్లు బడులకు వచ్చి చూసేవాళ్లు. ట్రకోమా (కళ్లకు వచ్చే అంటుజబ్బు), తామర, పేలు... ఏది కనిపించినా ఇంటికి పొమ్మనడమే. మందు ఎవరిస్తారు? వలస కూలీల ఇరుకు గదుల్లో ఆ తల్లులకు చెప్పేదెవరు? బడి మానిపించిన పిల్లలు సాయంత్రం అదే వీధిలో అదే పిల్లలతో ఆడుకునేవాళ్లు. ఇంక జబ్బు ఆగిందెక్కడ?

అప్పట్లో న్యూయార్క్ పేదల వాడల్లో పనిచేసిన నర్సు లిలియన్ వాల్డ్ చెప్పిన ఒక కుర్రాడి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. పన్నెండేళ్లు వచ్చినా అక్షరం ముక్క రాదు. తల మీద పుళ్లున్నాయని వెళ్లిన ప్రతిసారీ వెనక్కి పంపారు మరి. ఆ పుళ్లు మానేలా చూసి, వాణ్ణి బడిలో కూర్చోబెట్టింది ఆవిడే.

1902 అక్టోబరులో ఆవిడే లీనా రోజర్స్ అనే నర్సును బడులకు పంపింది. నాలుగు బడులు, దాదాపు పదివేల మంది పిల్లలు, ఒకే ఒక్క నర్సు. పుండు కడిగి, కట్టు కట్టి క్లాసుకు పంపేది. ఇళ్లకు వెళ్లి తల్లులకు చేసి చూపించేది. అప్పట్లో పేలకు కిరోసిన్, ఆలివ్ నూనె సమంగా కలిపి పట్టించేవాళ్లు, ఈపులు వదలడానికి వేడి వెనిగర్ వాడేవాళ్లు. (ఇప్పుడు ఎవరూ కిరోసిన్ జోలికి పోకండి, మంచి మందులున్నాయి.) 1902 సెప్టెంబరులో నగరంలోని బడుల నుంచి పంపేసిన పిల్లలు 10,567 మంది. ఇంకొందరు నర్సులను పెట్టాక, మరుసటి సెప్టెంబరుకు 1,101 మంది!

బ్రిటన్ కూడా 1907లో బడిపిల్లలకు వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది, వైద్యాన్ని మాత్రం స్థానిక అధికారుల ఇష్టానికి వదిలేసింది. చూడ్డానికి డాక్టరు ఖాయం, నయం చేసేవాళ్లుంటారన్న హామీ లేదు.

ఇంత పని చేసే నర్సంటే మనవాళ్లకు మాత్రం చులకన. మా పిన్ని కూతురికి నర్సింగ్ సీటొస్తే "రాత్రి డ్యూటీలా, రేపు సంబంధాలెలా వస్తాయి" అని మా పెద్దవాళ్లే మాన్పించారు. నేను ఎంత గొడవపడ్డా వినలేదు. అక్క ఇప్పుడు బట్టల షాపులో పొద్దుటి నుంచి రాత్రి పది దాకా నిలబడి పనిచేస్తోంది. ఆ కోపం నాకు ఈ జన్మలో పోదు.