‘నేను’ అంటే ‘అది’ కాదు

మన సాహిత్య సభల్లో ‘నేనెవరు’ అన్న చర్చ వస్తే ఉపనిషత్తులతో మొదలుపెట్టి, తిన్నగా పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ దగ్గర తేలతాం. ఈ మధ్యలో అరబిక్, పర్షియన్ భాషల్లో వందల ఏళ్లు నడిచిన వాదాన్ని ఎవరూ ఎత్తరు. నాకిది పెద్ద లోటనిపిస్తుంది.

బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా (980–1037) పేరుమోసిన వైద్యుడు, తత్వవేత్త కూడా. ఒంటి గురించి అంత తెలిసినవాడే ఆ ఒంటిని కాసేపు పక్కన పెట్టమన్నాడు. ఒక మనిషి ఉన్నపళంగా, పూర్తిగా ఎదిగి పుట్టాడనుకోండి. చూపు మూసుకుపోయి ఉంది. శూన్యంలో తేలుతున్నాడు, ఒంటికి గాలి కూడా తగలదు. కాళ్లూ చేతులూ ఎడంగా ఉన్నాయి, ఒకదాన్నొకటి తాకవు. తలచుకుందామంటే నిన్న అనేదే లేదు. తనకు చేతులున్నాయో లేవో, గుండె ఉందో లేదో అతనికి తెలియదు. అయినా తానున్నానని తెలుస్తుంది కదా అంటాడు ఇబ్న్ సీనా.

ఇంతమాత్రాన ఆత్మ వేరు, శరీరం వేరు అని తేలిపోయిందా? నేనొప్పుకోను. షుగర్ ఉందని తెలియనివాడికి షుగర్ లేకుండా పోతుందా? ఆయన కూడా దీన్ని ఒక సూచనగానే ముందుపెట్టాడు లెండి.

నన్ను కట్టిపడేసింది ఇబ్న్ సీనాదే ఇంకో మాట. నిద్రలో ఉన్నవాడికీ, తాగి పడిపోయినవాడికీ కూడా తానన్న ఎరుక పోదట. తర్వాత గుర్తుండదు, అంతే. ఎరుక వేరు, ఎరుక ఉందన్న ఎరుక వేరు. ఆలోచన అవసరమయ్యేది రెండోదానికే.

తర్వాత వచ్చిన పర్షియన్ తత్వవేత్త సుహ్రవర్దీ ఇంకాస్త ముందుకెళ్లాడు. నలభై నిండకుండానే 1191లో సిరియాలోని అలెప్పోలో మరణశిక్షకు గురైనవాడాయన. ఆయన వాదమిది: నన్ను నేను మనసులోని ఒక బొమ్మ ద్వారా తెలుసుకుంటున్నానంటే, ఆ బొమ్మ నాకు ‘అది’ అవుతుంది, ‘నేను’ కాదు. పైగా అది నా బొమ్మేనని పోల్చుకోవాలంటే నేను నాకు ముందే తెలిసుండాలి. తేలే మనిషి కన్నా ఈ వాదమే గట్టిదని నా అభిప్రాయం.

పేరు, ఊరు, భాష, వంట: మన పత్రికలో ‘గుర్తింపు’ అని రాసుకునేవన్నీ ఆ తేలే మనిషికి లేనివే. పోతాయేమోనని మనం టెన్షన్ పడేదీ వాటి గురించే.

ఇదంతా మనకు పరాయి చర్చ కూడా కాదు. ఇబ్న్ సీనాతో ఉత్తరాల్లో వాదించిన పండితుడు అల్ బిరూనీయే పతంజలి యోగసూత్రాలను అరబిక్‌లోకి తెచ్చాడు. వచ్చే ఉగాది సభలో దీనికో అరగంట కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మొదలుపెట్టడానికి నేను సిద్ధం.