గేట్ల వీడియోలు నాకు పంపకండి

పొద్దున ఏడింటికి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా పిన్ని కొడుకు శ్రీశైలం గేట్ల వీడియో పెట్టాడు. తుంపర్లు మొహాన పడుతుంటే చేతులు చాపి నవ్వుతున్నాడు. "అన్నా, ఒక్కసారైనా చూడాలి, జన్మ ధన్యం" అని రాశాడు. సరిగ్గా దాని కిందే మా అమ్మ వాయిస్ మెసేజ్: "నాయనా, ట్యాంకరు ఈ రోజూ రాలేదు. ఆ డ్రైవరుకి నువ్వొకసారి ఫోన్ చెయ్యి."

మా ఊరు మార్కాపురం దగ్గర. మాకూ ఆ డ్యాముకీ మధ్య నల్లమల, అంతే. కొండకి అటు నీళ్లు పట్టక గేట్లెత్తుతున్నారు. ఇటు మా అమ్మ ట్యాంకరు వచ్చిన రోజల్లా గోడ మీద సుద్దముక్కతో గీత గీసుకుంటుంది. పోయిన నెల ఏడే గీతలు.

కొండ అడ్డం అని మాత్రం నాకు చెప్పకండి. శ్రీశైలం నీళ్లు మా వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు కోసం ఆ కొండని తొలిచారు. రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. కొల్లంవాగు దగ్గర జలాశయంలోంచి వాలుకే నీళ్లొస్తాయి, మోటారు కూడా అక్కర్లేదు. 1996లో శంకుస్థాపన జరిగేటప్పటికి నేను రెండో తరగతి. 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితం చేశారు. ఆ జులై ఆఖర్లో శ్రీశైలం గేట్లెత్తారు, 2025 జులైలో మళ్లీ ఎత్తారు. మాకు చుక్క రాలేదు. సొరంగం దాటాక, ఆ నీళ్లు నిలవ చేసే నల్లమలసాగర్ జలాశయం దాకా ఫీడర్ కాలువ సిద్ధంగా ఉండాలి కదా. అందులో మునిగిపోయే పదకొండు ఊళ్లవాళ్లకి పరిహారం, ఇళ్లు ఇవ్వాలి కదా. పాపం వాళ్లు కూడా ఏళ్ల తరబడి అటూ ఇటూ కాకుండా ఉన్నారు.

కాస్త కంభం చెరువుని చూడండి. ఏ యంత్రమూ లేని రోజుల్లో, రెండు కొండల సందున గుండ్లకమ్మకి కట్ట వేశారు. ఐదొందల ఏళ్లుగా నిలిచే ఉంది.

ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 11,574 క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) రోజంతా పారితే వచ్చే నీళ్లు. మా రెండు సొరంగాలూ కలిపి తీసుకోగలిగేది రోజుకి ఇంచుమించు అంతే. మాకు అనుకున్నవి 43.5 టీఎంసీలు. అంటే నలభై నాలుగు రోజులు ఆగకుండా పారాలి. అవీ వరద నీళ్లే. కృష్ణా నీళ్లని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలోని నికర జలాల్లో, అంటే ఖాయంగా దొరికే నీళ్లలో, వెలిగొండకి ఏమీ లేదు. పడమటి కనుమల్లో వానలు పడి, పైనున్న ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల డ్యాములు నిండి, అప్పుడు మిగిలితే మాకు. 2023లో శ్రీశైలం నిండనే లేదు. అందుకే వరదొచ్చిన ఏడాది ఒక్కో రోజూ మాకు బంగారం. ఆ రోజులే సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతున్నాయి.

అయినా నా కోపం ఈ వీడియో ఒక్కదాని మీదే కాదు. పిన్ని వాళ్లది తెనాలి. పదకొండేళ్ల క్రితం మా చెల్లి పెళ్లిచూపులకి వాళ్ల తరఫు పెద్దావిడ ఒకరు వచ్చి, అందరి ముందూ "అమ్మాయి నవ్వదేంటి?" అంది. మా చెల్లి చేత్తో నోరు మూసుకుని తల దించుకుంది. దాని పళ్ల మీద గోధుమరంగు చారలు. పాలపళ్లు ఊడకముందే, చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పడే మరకలవి. ఎంత తోమినా పోవు. ఆ సంబంధం పోయింది. పోతే పోయింది, కానీ అది ఇప్పటికీ ఫొటోల్లో నోరు తెరవదు.

అదే ఫ్లోరైడ్‌కి మా నాన్న మెడ బిగిసిపోయింది, వెనక నుంచి పిలిస్తే తిప్పలేడు. మనిషి మనిషంతా తిరుగుతాడు. ఆయనకి కూడా సలహాలిచ్చారు, "నీళ్లు కాచి తాగకపోయారా" అని. కాస్తే ఫ్లోరైడ్ పోదండీ! నీళ్లు ఆవిరై అది ఇంకా ఎక్కువవుతుంది. మా బోరు నీళ్లలో పప్పే ఉడకదు. అమ్మ పప్పు కోసం డబ్బా నీళ్లు వేరుగా దాచుకుంటుంది.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. నువ్వు చెడ్డవాడివి కాదు. శ్రీశైలం వెళ్లు, దణ్ణం పెట్టుకో. వచ్చేటప్పుడు దోర్నాల దగ్గర ఆగి, ఆ సొరంగం బయటికొచ్చే చోటు వీడియో తీసి గ్రూపులో పెట్టు. అందరూ అది కూడా చూడాలి.

అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. ట్యాంకరు వచ్చిందట. మూడు డ్రమ్ముల్లో రెండు నిండేసరికి అయిపోయాయట.