‘ఆఫ్రికాలో కారేసుకుని తిరగడమా?’: ఆ ఫార్వర్డుకు నా జవాబు

మా బంధువుల గ్రూపులో నెల రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. “పిల్లలతో దక్షిణాఫ్రికా వైపు సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లడమంటే ప్రాణాలతో చెలగాటం. సింహాలు మీద పడతాయి. రోడ్లు ఉండవు. జంతువులు తప్ప చూడటానికేమీ లేదు, అక్కడున్న రాతి కోటలు కూడా అరబ్బులు కట్టినవే. తిండి దొరకదు.” ఇద్దరు పిల్లలతో, మా అత్తగారితో జొహన్నెస్‌బర్గ్‌లో బయల్దేరి క్రూగర్ పార్కు, జింబాబ్వే దేశంలో గ్రేట్ జింబాబ్వే అనే పాత రాతి నగరం, విక్టోరియా జలపాతం, బోట్స్వానాలో చోబే పార్కు చూసి వచ్చాం. అందుకే ఊరుకోలేకపోతున్నా.

ముందు సింహాలు. క్రూగర్ 1926 నుంచి జాతీయ పార్కు. విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్ల పైనే. అందులో మామూలు కారు మనమే నడుపుకోవచ్చు. తారు రోడ్డు మీద గంటకి 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. అనుమతి ఉన్నచోట తప్ప కారు దిగకూడదు. సాయంత్రం గేటు మూసేలోగా క్యాంపుకి చేరకపోతే జరిమానా. మా కారు పక్కనుంచే రెండు ఆడసింహాలు నడిచి వెళ్లాయి, మావైపు కన్నెత్తి కూడా చూడలేదు. టెన్షన్ పెట్టింది ఏనుగు. దారికి అడ్డంగా నిలబడితే మెల్లగా వెనక్కి తీసుకోవాలి, హారన్ కొట్టకూడదు. మనవాళ్లకి అదే కష్టం!

అసలు ప్రమాదం దోమ. క్రూగర్‌లోనూ చోబేలోనూ మలేరియా ఉంది, వెళ్లేముందే డాక్టరుని అడిగి మాత్రలు తీసుకోవాలి. సింహం గురించి అంత భయపెట్టినవాడు దోమ గురించి ఒక్క ముక్క రాయలేదు.

రోడ్లంటారా, మేం తిరిగిన నాలుగు దేశాల్లోనూ (దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, బోట్స్వానా) మనలాగే ఎడమవైపే నడపాలి. జాంబియా, బోట్స్వానా మధ్య జాంబెజీ నది మీద ఒకప్పుడు పంటు ఎక్కాలి. 2021లో 923 మీటర్ల కజుంగులా వంతెన తెరిచారు, ఇప్పుడు దాని మీదుగా వెళ్లిపోవచ్చు. అద్దె కారుని సరిహద్దు దాటించాలంటే కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం ఉండాలి, క్యూలో ఓపికా ఉండాలి. రాత్రిపూట మాత్రం నడపకండి. రోడ్డు మీద గాడిదలు, పశువులు, బోట్స్వానా ఉత్తరాన ఏనుగులు కూడా నిలబడి ఉంటాయి. ఫార్వర్డు రాసినాయన ఈ ఒక్కటి చెప్పుంటే సంతోషించేదాన్ని.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఆ ‘అరబ్బులు కట్టారు’ అన్న మాట. ఇది నిన్నమొన్నటి అబద్ధం కాదు. 1871లో గ్రేట్ జింబాబ్వే చూసిన కార్ల్ మౌఖ్ అనే జర్మన్, గుమ్మం పైదూలం నుంచి ఓ చెక్క ముక్క తీసి, అది తన పెన్సిల్ చెక్కలా ఉందన్నాడు. కాబట్టి దేవదారేనట, లెబనాన్ నుంచి వచ్చిందట, ఇది బైబిల్లో వచ్చే షీబా రాణి కట్టడమేనట! పెన్సిల్ సాక్ష్యంతో ఒక జాతి చరిత్ర ఎగిరిపోయింది. 1905లో రాండల్ మకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ అనే పురావస్తు పరిశోధకులు తవ్వి చూసి, ఇది ఆఫ్రికావాళ్లు కట్టిందేనని తేల్చారు. షోనా ప్రజల పూర్వీకులు 11 నుంచి 15వ శతాబ్దం దాకా కట్టుకున్న నగరమిది. అయినా తెల్లవాళ్లు పాలించిన రొడీషియాలో (జింబాబ్వే పాత పేరు) ఆ మాట చెప్పనివ్వలేదు. నల్లవాళ్లు ఇంత కట్టగలరని ఒప్పుకుంటే వాళ్ల పెత్తనానికే మూలం కదిలిపోతుంది మరి.

తవ్వకాల్లో చైనా, పర్షియా పింగాణీ ముక్కలు దొరికిన మాట నిజమే. అది వ్యాపారానికి రుజువు, కట్టినవాళ్లెవరో చెప్పదు. మనింట్లో చైనా ఫోనుంటే ఇల్లు చైనావాళ్లు కట్టినట్టా?

పెద్ద ప్రాకారం దగ్గర మా అత్తగారు చాలాసేపు నిలబడిపోయారు. 11 మీటర్ల ఎత్తు గోడ, సున్నం లేదు, మట్టి అడుసు లేదు, రాయి మీద రాయి అంతే. “ఏ మేస్త్రీ పేర్చాడో గానీ, ఎక్కడా మూల తగల్లేదే” అన్నారు, గోడ వంపు చూస్తూ. 1980లో స్వతంత్రం వచ్చినప్పుడు ఆ దేశం ఈ రాతి ఇళ్ల పేరే, జింబాబ్వే అని, పెట్టుకుంది. ఇక్కడ దొరికిన రాతి పక్షి వాళ్ల జెండా మీదుంది.

ఇక తిండి. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన తొలి కూలీ ఓడ ట్రూరోలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల తర్వాత అన్ని తరాలు గడిచాక దక్షిణాఫ్రికాలో బియ్యం, కందిపప్పు, కారప్పొడి దొరకవా? అక్కడే కొనుక్కుని సామాన్ల పెట్టెలో వేసుకున్నాం. బోట్స్వానాలో మాత్రం పశువులకి గాలికుంటు సోకకుండా చెకింగులుంటాయి. చెప్పులు మందునీళ్లలో తడిపించి, పచ్చి మాంసం తీసేసుకుంటారు. మా మాగాయ జాడీని అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, తిరిగి ఇచ్చేశారు.