ముక్క పలమనేరులోనే తీయాలి

నోటిపూత వస్తే మన ఇళ్లలో ముందుగా కనిపించేది బీకాంప్లెక్స్ మాత్ర. లేదంటే కాస్త కొబ్బరినూనె రాస్తారు. అందులో తప్పేం లేదు, చాలా పూతలు వారం పది రోజుల్లో వాటంతటవే మానిపోతాయి. రెండు వారాలు దాటినా మానని పుండు సంగతి వేరు. బుగ్గ లోపల తెల్లమచ్చ, నాలుక పక్కన ఎర్రటి పొర, మూడు వేళ్లు కూడా దూరనంతగా బిగిసిన నోరు, ఇవేవీ టార్చి వేసి చూసి తేల్చేసే జబ్బులు కావు. ఆ చోట నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆ ముక్క ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు అన్నదే మేము అడుగుతున్న ప్రశ్న.

తిరుపతిలో పెద్దాసుపత్రులకు కొదవ లేదు. 1960లో మొదలైన ఎస్వీ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి రుయా ఉన్నాయి. 1993 నాటి స్విమ్స్ ఆసుపత్రి ఉంది. 2022లో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో క్యాన్సర్ ఆసుపత్రి కూడా తెరిచారు. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ పక్కూరితో సమానం. ముక్కను చూసి చెప్పే కళ్లు ఇన్ని ఉన్నాయి. కానీ పలమనేరులో టమాటా బాక్సులు మోసే హమాలీకి తిరుపతి రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఒక రోజు కూలి పోతుంది. రిపోర్టు కోసం మళ్లీ వస్తే రెండో రోజు కూలీ పోతుంది. నొప్పి లేని తెల్లమచ్చ కోసం ఎవరు అంత దూరం వస్తారు? నొప్పి మొదలయ్యాక వస్తారు. అప్పటికి మచ్చ గడ్డై ఉంటుంది.

దేశంలో మగవాళ్లకు అత్యధికంగా వచ్చే క్యాన్సర్ నోటిదే. గ్లోబోకాన్ అనే అంతర్జాతీయ క్యాన్సర్ లెక్కల 2022 అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు దేశంలో లక్షా 40 వేలకు పైగా. పొగాకు మానేసి వక్కాకు మాత్రమే నములుతున్నామని ధైర్యంగా ఉండే అవ్వాతాతలు మన పల్లెల్లో ఉన్నారు. పొగాకు లేకపోయినా వక్కే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నోరు బిగుసుకుపోయే జబ్బుకూ ఆ వక్కే మూలం.

ఇక ముక్క తీయడం. పది నిమిషాల పనే, కానీ నిర్లక్ష్యంగా చేస్తే మొత్తం వృథా. పుండు నడిమధ్య చచ్చిన కణజాలం ఉంటుంది, అక్కడ తీస్తే ల్యాబ్‌కు ఏమీ తెలియదు. అంచున, కొంచెం మంచి చర్మం కూడా కలిసేలా తీయాలి. మత్తు సూది మచ్చలోకే గుచ్చకూడదు, పక్కన వేయాలి. పట్టుకారు లాంటి ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కితే కణాలు నలిగిపోతాయి. తీసిన వెంటనే, ముక్క కుళ్లకుండా ఉంచే పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి, అదీ ముక్కకు కనీసం పది రెట్ల ద్రవంలో. చేతికందిన సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేసి పంపితే, కష్టపడి తీసిన ముక్క దారిలోనే పాడవుతుంది.

ఈ ఫార్మలిన్ నియమానికీ ఒక మినహాయింపు ఉంది, అదే చాలాచోట్ల మరిచిపోతారు. పెంఫిగస్ అనే జబ్బు తరచూ నోట్లోనే మొదలవుతుంది. పొక్కులు చితికి పుండ్లవుతుంటే నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగేవాళ్లున్నారు. దీనికి రెండు ముక్కలు కావాలి. ఒకటి ఫార్మలిన్‌లో వెళ్లాలి. పొక్కు పక్కన బాగున్న చోట తీసిన రెండోది కణజాలానికి అంటుకున్న యాంటీబాడీలను మెరిపించి చూసే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు, దానికోసం వాడే మిచెల్స్ ద్రవంలో వెళ్లాలి. రెండూ ఒకే ఫార్మలిన్ సీసాలో పడేస్తే రెండో పరీక్ష ఇక లేనట్టే.

ప్రతిదానికీ కత్తి అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు, కట్టుడు పళ్లవాళ్లకు వచ్చే తెల్లటి పొర గీకితే ఊడివస్తే అది ఫంగస్ కావచ్చు. ఆ గీకినదాన్ని స్లైడు మీద చూస్తే చాలు. బ్రష్‌తో కణాలు తీసే పద్ధతీ ఉంది. దాంట్లో ఏమీ లేదని వచ్చినా అనుమానం పోకపోతే ముక్క తీయాల్సిందే. నాడిలా కొట్టుకునే ఎర్రటి గడ్డ జోలికి మాత్రం చిన్న ఆసుపత్రిలో పోవద్దు, రక్తం ఆగదు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్లలో గట్టిగానే ఉంది. ఆ భయంతో ఊరుకున్న నెలల్లోనే అది పాకుతుంది.

ముప్ఫై నుంచి అరవై ఐదేళ్ల లోపు వాళ్ల నోరు ఐదేళ్లకోసారి చూడాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. చూడటం సరే, మచ్చ కనిపించాక ఏం చేయాలన్నది పల్లెలో తేలాలి. పలమనేరు, శ్రీకాళహస్తి, కుప్పం వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రి దంత వైద్యులకు ఈ పని అప్పగించాలి. వాళ్ల చదువులో ఉన్నదే ఇది. కొత్త భవనం అక్కర్లేదు. ముక్క తీసే పంచ్ పరికరాలు, ఫార్మలిన్ నింపిన వెడల్పు మూతి సీసాలు, పేరూ వయసూ తీసిన చోటూ రాసే ఫారం ఇస్తే చాలు. వారానికి రెండుసార్లు సీసాలను తిరుపతి ల్యాబ్‌కు చేర్చే బండి ఒకటి కావాలి. రోగి నుంచి పైసా తీసుకోకూడదు.

రిపోర్టు వచ్చాక రోగికి ఫోన్ చేయాల్సింది ఎవరో కూడా ఈ పని అప్పగించే ఉత్తర్వులోనే పేరు పెట్టి రాయాలి. ల్యాబా, దంత వైద్యుడా, ఏఎన్ఎమ్మా? అది రాయకపోతే కాగితం కౌంటర్‌లో పడి ఉంటుంది, ఆ మనిషి ఊళ్లో ఇంకో పట్టీ బీకాంప్లెక్స్ కొనుక్కుంటూ ఉంటాడు.