రెండు పాయింట్ నాలుగు

విశ్వవిద్యాలయంలో ప్రమోషన్లు తేల్చే కమిటీ తప్పేమీ లేదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ వాళ్లను ఆడిపోసుకోకూడదు. ఒక పరిశోధన పత్రం ముందుకొచ్చింది. మార్కుల పట్టిక తీశారు, వేలు పెట్టి చూశారు, 2.4 మార్కులు అని తేల్చారు. ధర్మం నాలుగు పాదాల మీద నడిచింది. మేడమ్ ప్రమోషన్ మాత్రం నడవలేదు.

ఏ విశ్వవిద్యాలయమని అడగొద్దు. మా అనంతపురంలో కరువు వానలకే గానీ విశ్వవిద్యాలయాలకు కాదు. మేడమ్ పేరు కూడా అడగొద్దు, పాపం ఆమె రేపు మళ్లీ అదే గేట్లోంచి లోపలికి పోవాలి.

ఆమెది భూగర్భశాస్త్రం. బుద్ధిగా బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, ల్యాబులో పరీక్ష చేసి, పత్రం రాసుకుని ఉంటే ఈపాటికి అసోసియేట్ ప్రొఫెసర్ అయ్యుండేది. ఆమె ఏం చేసింది? ఆ నీళ్లు తాగేవాళ్ల పళ్లు, మోకాళ్లు చూడ్డానికి ఒక డాక్టర్ని వెంటేసుకుని పోయింది. బోర్లకు చేసిన అప్పులు రాయడానికి ఎకనామిక్స్ సారును, ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడ్డానికి సోషల్ వర్క్ మేడమ్‌ను కూడా పిలిచింది. నాలుగు శాఖలవాళ్లు ఒకే జీపులో పోవడమే అనుమానించాల్సిన విషయం. పైగా నలుగురూ కలిసి ఒకే పత్రం రాశారు. వైద్యం జర్నల్ కాబట్టి డాక్టరు పేరు ముందు వేశారు.

ఇప్పుడు లెక్క. విశ్వవిద్యాలయాల మీద పెత్తనం చేసే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సైన్సువాళ్ల పత్రానికి 8 మార్కులు, భాషలు, సామాజిక శాస్త్రాలవాళ్ల పత్రానికి 10. ఇద్దరు కలిసి రాస్తే చెరి 70 శాతం. ఇద్దరు దాటారా, మొదటి లేదా ముఖ్య రచయితకు 70, మిగతావాళ్లకు తలా 30 శాతం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు, అంటే జర్నల్ స్థాయికి కలిపే మార్కులు పక్కన పెడితే ఎనిమిదిలో 30 శాతం రెండు పాయింట్ నాలుగు. ఒంటరిగా కూర్చుంటే ఎనిమిది, నలుగురితో కూర్చుంటే రెండు పాయింట్ నాలుగు. మనుషుల్ని విడదీయడానికి మా సీమలో ఫ్యాక్షన్లు ఎన్నేళ్లు కష్టపడ్డాయో! ఈ పట్టిక ఒక్క పేజీలో ఆ పని చేసేసింది.

ఇంటర్వ్యూ సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాల్సిందే. బల్ల మీద జీడిపప్పు ప్లేటు, సీలు తీయని మినరల్ వాటర్ సీసాలు. వాటి పక్కన మేడమ్ తెచ్చిన బోరు నీళ్ల సీసా.

"ఈ పత్రంలో పళ్లెందుకున్నాయమ్మా?" అన్నాడు మొదటి నిపుణుడు.

"నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల సార్."

"ఫ్లోరైడ్ మన సబ్జెక్టే. పళ్లు కాదే."

రెండో ఆయన పేజీ తిప్పాడు. "ఇదేంది, అప్పుల పట్టిక? రాళ్లకు అప్పులేంది?"

"వానల్లేక బోరు ఎండింది సార్. అప్పు తెచ్చి ఇంకా లోతుకు వేయించారు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు గ్రానైట్ రాయిని అంటిపెట్టుకుని ఎక్కువ కాలం ఉంటాయి. ఫ్లోరైడ్ పెరుగుతుంది."

"అంటే అప్పు వల్ల ఫ్లోరైడ్ వచ్చిందంటావు?"

"ఒక రకంగా అంతే సార్."

గదిలో ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు. తర్వాత అసలు చర్చ మొదలైంది. అప్పులున్నాయి కాబట్టి ఇది సామాజిక శాస్త్రం, లెక్క పది మార్కుల మీద అన్నారొకరు. నీళ్లున్నాయి కాబట్టి ఎనిమిదే అన్నారింకొకరు. మూడో నిపుణుడు శాంతస్వభావి. "పోనీ, తొమ్మిది వేసుకుందాం" అన్నాడు. తొమ్మిది పట్టికలో లేదని సెక్షన్ సూపరింటెండెంట్ వినయంగా గుర్తు చేశాడు. ఈలోగా ఛైర్మన్ ఫోన్ మాట్లాడి లోపలికొచ్చారు. రెడ్డొచ్చె మొదలాడె! మళ్లీ పళ్ల దగ్గర్నుంచి.

ఆయన చూపు సీసా మీద పడింది. "ఇది అనుబంధమా? అనుబంధమైతే పేజీ నంబరేది?" నీళ్లకు పేజీ నంబరు లేదు. ఫైలులో చేర్చడానికి వీల్లేదని తీర్మానించి సీసాను కిటికీ గట్టు మీద పెట్టించారు. మినరల్ వాటర్ సీలు తీసి గొంతు తడుపుకున్నారు. "మంచి పనేనమ్మా, మాది కాదంతే. ఈసారి మన సబ్జెక్టులో చేసుకుని రా" అని ఆశీర్వదించి పంపారు.

ఇక్కడిదాకా నవ్వుతూ చెప్పా, ఇక నా వల్ల కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. అది దాటిన నీళ్లు తాగితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలొస్తాయి, అంతకంటే బాగా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే నడుం వంగిపోతుంది. మన దేశంలో ఈ రోగాన్ని 1937లో నెల్లూరు జిల్లాలో డాక్టర్లు నమోదు చేశారు. అంతకుముందే ఎద్దులు నడవలేకపోతున్నాయని రైతులు కనిపెట్టారని చెబుతారు. ఎద్దు పశువైద్యానిది, నీళ్లు భూగర్భశాస్త్రానివి, మనిషి వైద్యశాస్త్రానిది అని ఆ రోజు పంచుకుని కూర్చోలేదు. ఏటా 550 చిల్లర మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. శనక్కాయ పంట పోతే అప్పు, అప్పు తెస్తే బోరు, బోరు దిగితే విషం. ఒకే ఇంట్లో, ఒకే మనిషి ఒంట్లో ఇవన్నీ కలిసే ఉన్నాయి. వాటిని కలిపి చూసిన ఒక్క మనిషికి మీరిచ్చింది రెండు పాయింట్ నాలుగు! సిగ్గనిపించలేదా అయ్యా? ఆ నీళ్లు తాగే పిల్ల నోరు తెరిస్తే కనిపించే పళ్లు ఏ శాఖవో తేలేదాకా ఆగుతుందా?

సరే, రక్తపోటు మంచిది కాదు. పైవాళ్ల మాట వేరే ఉంది లెండి. 2020 జాతీయ విద్యా విధానం ఎక్కడ తెరిచినా బహుళ శాస్త్రాల అధ్యయనమే. మా దగ్గర దాని మీద సెమినార్లకు ఫ్లెక్సీలు కడుతూనే ఉంటారు, శాలువాలు కప్పుతూనే ఉంటారు. చెప్పేవి శ్రీరంగ నీతులు. ఆ ఫ్లెక్సీ కింద కూర్చున్న పెద్దలే మర్నాడు ఇంటర్వ్యూ గదిలో పట్టిక తెరుస్తారు.

మేడమ్ శాఖలో కొత్తగా చేరిన కుర్రాడు తెలివైనవాడు. ఎకనామిక్స్ సారుతో కలిసి ఊళ్లు తిరుగుదామనుకున్నవాడల్లా ఇదంతా చూసి జీపు మానుకున్నాడు. క్యాంపస్‌లోనే హాస్టల్ వెనకున్న బోరు నీళ్లు పట్టుకొచ్చి, పరీక్ష చేసి, ఒక్కడే పత్రం రాసి పంపాడు. అచ్చయింది. ఎనిమిదికి ఎనిమిదీ అతనివే. ఆ బోరు నీళ్లు ఎవరూ తాగరు. హాస్టల్‌కి క్యాన్లొస్తాయి.